‘ఫాసీ శైలి’ అన్న మాటలో ఫాసీ వాటా ఎంత?

మువ్వలసవ్వడి:

సభ్యులకు నమస్కారం. గత నెల నా దగ్గర కూచిపూడి నేర్చుకుంటున్న ఆరుగురు పిల్లలను, వారి తల్లులను వెంటబెట్టుకుని న్యూజెర్సీ నుంచి రైలెక్కి న్యూయార్క్ వెళ్లి, అక్కడి పెద్ద నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేలో ‘షికాగో’ అనే సంగీత నాటకం చూసి వచ్చాను. 1996 నవంబరులో తిరిగి మొదలైన ఆ ప్రదర్శన ఇంకా ఆడుతూనే ఉంది. చేతికిచ్చిన కార్యక్రమ పత్రంలో నృత్యం ఆన్ రైన్‌కింగ్ అనీ, దాని వెంటనే ‘బాబ్ ఫాసీ శైలిలో’ అనీ అచ్చు వేశారు. ఫాసీ అంటే గత శతాబ్దపు అమెరికన్ నృత్య దర్శకుడు. తిరుగు ప్రయాణంలో ఒక పిల్ల, శైలి అనేది ఒక్క మనిషిదే ఎలా అవుతుందని నన్ను అడిగింది. రైలు దిగేదాకా సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను, అది ఒక్కరిది కాదు.

మోకాళ్లు లోపలికి తిప్పి, భుజం ఒకటి ఎత్తి, నడుమును ఒకవైపు, మెడను మరొకవైపు విడివిడిగా కదిలించే ఆ పద్ధతిని ఫాసీ కంటే ముందే హాలీవుడ్‌లోనూ రాత్రి క్లబ్బుల్లోనూ నడిపినవాడు జాక్ కోల్ అనే నృత్య దర్శకుడు. ఆయన దగ్గర చాలా ఏళ్లు సహాయకురాలిగా పనిచేసి, ఆ తరువాత 1955లో ‘డామ్ యాంకీస్’ అనే సంగీత నాటకంతో ఫాసీ దగ్గరకు వచ్చినది గ్వెన్ వెర్డన్ అనే నర్తకి. ఆమె రాకముందు ఫాసీ నృత్యం చురుకైనదే కాని, అందులో ఆ బరువు, ఆ కొంటెతనం లేవు. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టుగా ఈ రోజు ప్రపంచమంతా ఆ కదలికలను ఒక్క ఫాసీ పేరుతోనే పిలుస్తోంది. ఇది నాకు అన్యాయంగా తోస్తోంది. సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

రంగస్థలరావు:

అమ్మా, మీ టపాను రెండుసార్లు చదివాను. నేను ముప్ఫై ఏళ్లకు పైగా పరిషత్తు నాటకాలకు దర్శకత్వం వహించినవాణ్ని, నృత్యం నా రంగం కాదు, కాని అమెరికా సంగీత నాటకాల చరిత్ర మీద నాకు పాత వ్యామోహం ఉంది. మీరు ఒక చిన్న వివరాన్ని పూర్తిగా వదిలేశారు. అది టోపీ.

ఫాసీ నృత్యంలో ప్రతిచోటా కనిపించే ఆ గుండ్రని నల్ల టోపీ ఎక్కడి నుంచి వచ్చింది? ఆయనకు చిన్న వయసులోనే జుట్టు పలచబడింది, దాన్ని దాచుకోవడానికి టోపీ పెట్టుకున్నాడు. తన చేతులు తనకే నచ్చక తెల్లని తొడుగులు వేసుకున్నాడు. భుజాలు కాస్త వంగి ఉండేవి, వాటిని నిటారుగా చేసుకోవడం మాని ఆ వంపునే నృత్యంలోకి తెచ్చాడు. బ్యాలేకు కావలసినంతగా ఆయన తుంటి బయటికి తిరగదు కనుక పాదాలను లోపలికే తిప్పాడు. 1927లో షికాగోలో పుట్టి, మీసాలైనా రాని వయసులో చవకబారు బర్లెస్క్ హాళ్లలో ఆడిన కుర్రవాడు, తన ఒంట్లో ఏమేమి లోపాలున్నాయో అవన్నీ ఏరి ఒక వ్యాకరణంగా కూర్చాడు. జాక్ కోల్ చేసినది దీనికి సరిగ్గా విరుద్ధం. ఆయన నర్తకుల ఒంటిని కత్తిలా సాన పట్టాడు, లోపమన్నది కనిపించనివ్వలేదు. లోపం నుంచి పుట్టిన శైలికి, ఆ లోపం ఎవరిదైతే వారే కర్త. టోపీకి మీ దగ్గర సమాధానం ఉంటే చెప్పండి, వింటాను.

అట్లాంటా అచ్యుత్:

ఇద్దరూ గొప్పవారే అనుకుంటే గొడవ ఉండదు కదా?

రంగస్థలరావు:

అచ్యుత్ గారూ, గొడవ లేకుండా ఉండడం కోసమే అయితే ఇక్కడికి ఎందుకు వస్తాం?

మువ్వలసవ్వడి:

రావు గారూ, టోపీ గురించే మాట్లాడుకుందాం. ఫాసీకి బ్రాడ్వేలో మొట్టమొదటి పెద్ద పేరు తెచ్చినది 1954లో వచ్చిన ‘ది పజామా గేమ్’. అందులో ‘స్టీమ్ హీట్’ అనే పాటకు ముగ్గురు నర్తకులు, నల్ల దుస్తులు, నల్ల టోపీలు. మధ్యలో ఉన్నది కరోల్ హేనీ. ఆమెకు బట్టతల లేదండీ. ఇక ఆ ముగ్గురిలో హేనీ, బజ్ మిల్లర్ ఇద్దరూ అప్పటికే జాక్ కోల్ దగ్గర తయారైనవారు. అంటే ఫాసీ శైలికి జన్మదినం అని మీరంతా చెప్పుకునే ఆ రోజున రంగస్థలం మీద ఉన్న మూడు ఒళ్లలో రెండు కోల్ పాఠశాలవి. మూడో మనిషి పీటర్ జెనారో, ఆయన సంగతి తరువాత చెబుతాను.

కోల్ విషయంలో నాకు ఇంకొక పట్టింపు కూడా ఉంది, దాచుకోను. ఆయన మొదట డెనిషాన్ అనే అమెరికన్ నృత్య బృందంలో ఉండి, ఆ తరువాత లా మేరి అనే అమెరికన్ నర్తకి వద్ద భరతనాట్యం నేర్చుకున్నారు. ఆ అడుగులను, ఆ ముద్రలను తెచ్చి స్వింగ్ జాజ్ వాయిద్యం మీద ఆడారు, దానికి ‘హిందూ స్వింగ్’ అని పేరు కూడా పడింది. న్యూయార్క్ రెయిన్‌బో రూమ్‌లో విందు చేస్తూ కూర్చున్న ధనవంతుల ఎదుట మన అరమండి ఆడింది. మేము పిల్లలకు మొదటి సంవత్సరమే ‘సుందరీ చ తిరశ్చీనా’ అంటూ గ్రీవాభేదాలు చెబుతాము. అందులో మొదటిదైన సుందరిని, అంటే తల వంచకుండా మెడను మాత్రమే పక్కలకు కదపడాన్ని, కోల్ నృత్యాల్లో చూస్తే మీకు కొత్తగా అనిపించదు. తక్కిన శరీరాన్ని నిలిపి ఒక్క అవయవాన్ని కదిలించడం జాజ్ నృత్యంలో ఈ రోజు మొదటి పాఠం. అది మొత్తం మన దగ్గరినుంచే వెళ్లిందని నేను అనను. హార్లెమ్‌లో నల్లజాతివారి నాట్యశాలల నుంచి, క్యూబా నుంచి కూడా కోల్ తీసుకున్నారు. కాని ఆ దారిలో మన ఊళ్లు కూడా ఉన్నాయి.

గ్రూప్‌లో మూడోవాడు:

నేను హైదరాబాదులో పదకొండేళ్లు సినిమాలకు గ్రూప్ డాన్సర్‌గా, ఆ తరువాత నాలుగేళ్లు అసిస్టెంట్‌గా పనిచేశాను. ఇలాంటి చర్చ ఎక్కడ కనిపించినా ఆగి చదువుతాను. సెట్ మీద జరిగే పని చూడనివారికి ఒక సంగతి తెలియదు. మాస్టర్ గారు కుర్చీలో కూర్చుని “ఇక్కడ ఏదైనా కొంచెం నడుము వచ్చేటట్టు చేయండి” అంటారు. మేము ఎనిమిది కౌంట్లకు నాలుగు రకాలు చేసి చూపిస్తాము. ఆయన మూడోది బాగుందంటారు. తెర మీద పేరు ఆయనది. ఎంపిక చేయడం కూడా పనే, నేను కాదనను. కాని ఆ మూడోది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో పాట విడుదలయ్యే నాటికి మాస్టర్ గారికే గుర్తుండదు.

నృత్య దర్శకుడు మైకేల్ బెనెట్ కట్టిన ‘ఎ కోరస్ లైన్’ నాటకం గురించి ఎవరూ ఎత్తలేదు కనుక నేనే చెబుతాను. 1974 జనవరిలో ఒక రాత్రి బృంద నర్తకులందరూ కూర్చుని తమ బతుకు కథలు చెప్పుకున్నారు, టేపులు తిరుగుతూనే ఉన్నాయి. ఆ సమావేశం పెట్టాలన్న ఆలోచన మిషాన్ పీకాక్, టోనీ స్టీవెన్స్ అనే ఇద్దరు నర్తకులది. ఆ కథల మీద హక్కును ఒక్కొక్కరి దగ్గర ఒక్క డాలరుకు రాయించుకున్నారు. ఆ నాటకం 1975లో బ్రాడ్వేకు చేరి, 1990 ఏప్రిల్ దాకా 6,137 ప్రదర్శనలు ఆడింది, పులిట్జర్ బహుమతి కూడా అందుకుంది. బెనెట్ ఆ తరువాత తన రాయల్టీలో వారికి కొంత వాటా ఇచ్చిన మాట నిజమే. ఇచ్చింది దయతో, హక్కుతో కాదు. 2006లో నాటకాన్ని మళ్లీ వేసినప్పుడు ఆ వాటా తమకు అందలేదని పాత నర్తకులు పోరాడవలసి వచ్చింది, 2008లో గాని ఒప్పందం కుదరలేదు.

డల్లాస్ పద్మజ:

ఒక్క డాలరు సంగతి చదివి మనసు చివుక్కుమంది. నిజంగా తెలియదు.

రంగస్థలరావు:

మూడోవాడు గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కాని గంటలకొద్దీ టేపులు టేపులుగానే ఉండిపోతే అవి ఏడుపులూ కబుర్లూ మాత్రమే, వాటిని ఒక వరుసలో నిలబెట్టి నాటకం చేసినవాడు బెనెట్. ఇటుకలు ఇచ్చినవారందరూ ఇల్లు కట్టినవారు కారు.

మువ్వలసవ్వడి గారూ, మీరు టోపీకి సమాధానం చెప్పానని అనుకుంటున్నారు, చెప్పలేదు. కరోల్ హేనీకి జుట్టు ఉంది, నేను కూడా చూశాను. ఆమెకు అక్కర లేని టోపీని ఆమె ఎందుకు పెట్టుకుంది? ఫాసీ ఒళ్లును ఆమె తొడుక్కున్నది కనుక. ఒక మనిషి ఒడ్డూ పొడుగూ లోపాలూ ఇతరుల ఒంటి మీదికి ఎక్కినప్పుడే దాన్ని శైలి అంటారు. మీరు ఇచ్చిన ఉదాహరణ నా వాదాన్నే బలపరుస్తోంది.

ఇంకొక మాట. ‘పజామా గేమ్’ సమయానికి ఫాసీకి బ్రాడ్వేలో నృత్య దర్శకుడిగా అనుభవం లేదు. నిర్మాతలు అతన్ని నమ్మలేక, అతను విఫలమైతే ఆదుకోవడానికని అప్పటికే పేరున్న నృత్య దర్శకుడు జెరోమ్ రాబిన్స్‌ను వెనక నిలబెట్టుకున్నారు. ఆ నాటకం కూలిపోయి ఉంటే ఎవరి పేరు పోయేది? హేనీదా, మిల్లర్‌దా? నష్టం ఎవరి మెడకు చుట్టుకుంటుందో కీర్తి కూడా వారికే దక్కాలి. ఇది నా ముప్ఫై ఏళ్ల అనుభవం.

మువ్వలసవ్వడి:

రాబిన్స్ పేరు మీరే తెచ్చారు కనుక పీటర్ జెనారో సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. 1957 సెప్టెంబరు 26న ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ వింటర్ గార్డెన్ థియేటరులో మొదలైంది. దానిలో చీటా రివేరాను తారగా నిలబెట్టిన ‘అమెరికా’ నృత్యంలో ముఖ్యమైన భాగం జెనారో సమకూర్చినది. ఆయనకు సహ నృత్య దర్శకుడన్న పేరు దక్కిన మాట వాస్తవమే. కాని ప్రకటనలలో రాబిన్స్ పేరుకు చుట్టూ గీత గీసి, మొత్తం భావన ఆయనదేనని వేరుగా అచ్చు వేయించుకున్నారు. ఈ రోజు వీధిలో ఎవరినైనా అడగండి, ‘అమెరికా’ ఎవరిదంటే రాబిన్స్‌దే అంటారు.

వెర్డన్ గురించి. మీరు లోపం నుంచి శైలి పుట్టిందన్నారు. గ్వెన్ వెర్డన్ పసితనంలో రికెట్స్ వ్యాధితో కాళ్లు వంకరపోయి, బిగుతైన బూట్లు వేసుకుని పెరిగిన పిల్ల. ఆ కాళ్లు సరిపడతాయని తల్లి నాట్యం నేర్పించింది. లోపానికే కర్తృత్వం ఇవ్వవలసి వస్తే, ఆ కాళ్లకు ఎందుకు ఇవ్వరు? 1953లో ‘కాన్-కాన్’ మొదటి ప్రదర్శన రోజున ప్రేక్షకులు చప్పట్లు ఆపకపోవడంతో, దుస్తులు మార్చుకుంటున్న ఆమెను అలాగే తిరిగి రంగస్థలం మీదికి పిలుచుకు రావలసి వచ్చింది. అప్పటికి ఆమె ఫాసీతో పనిచేయలేదు, ఆ నాటకానికి నృత్యాలు సమకూర్చినది మైకేల్ కిడ్. అంటే ఫాసీకి దొరికినది ఖాళీ పలక కాదు.

1966లో ‘స్వీట్ చారిటీ’ని రంగస్థలం మీద నిలబెట్టినది ఆమె. 1969లో సినిమా తీసినప్పుడు ఆ పాత్ర షర్లీ మెక్‌లేన్‌కు వెళ్లింది. తన పాత్రను మరొకరికి దగ్గరుండి నేర్పినది ఎవరో తెలుసా? వెర్డనే.

డల్లాస్ పద్మజ:

నేను మొదట ఒక్క మాటతో వెళ్లిపోదామనుకున్నాను, కాని మీ ఇద్దరి వాదనలోనూ ఒక పెద్ద గది మూసి ఉంది. నల్లజాతి నర్తకుల గది. 1921లోనే నల్లజాతివారి సంగీత నాటకం ‘షఫుల్ అలాంగ్’ వచ్చి బ్రాడ్వే కాళ్లకు కొత్త లయ నేర్పింది. ఆ తరువాతి దశాబ్దంలో బడ్డీ బ్రాడ్లీ అనే నల్లజాతి గురువు న్యూయార్కులోని తెల్ల తారలకు అడుగులు కట్టి ఇచ్చేవాడు, కార్యక్రమ పత్రాల్లో ఆయన పేరు ఉండేది కాదు. సొంత పేరుతో పని చేయడానికి లండను వెళ్లవలసి వచ్చింది. 1936లో ‘ఆన్ యువర్ టోస్’ నాటకానికి బ్యాలే నృత్య దర్శకుడు జార్జ్ బాలంచీన్ తన పని పక్కన ‘కొరియోగ్రఫీ’ అనే మాటే వేయాలని పట్టుబట్టాడు, ఆ మాటకు బ్రాడ్వేలో గౌరవం అక్కడి నుంచే. అదే నాటకంలో ట్యాప్ నృత్యానికి సాయపడిన హెర్బీ హార్పర్ అనే నల్లజాతి నర్తకుడికి ఏ మాటా దక్కలేదు. 1940లో ‘కాబిన్ ఇన్ ది స్కై’ నృత్యాలను బాలంచీన్‌తో కలిసి సమకూర్చిన నల్లజాతి నర్తకి కేథరీన్ డన్‌హమ్‌కు కూడా అంతే. మీరు కోల్‌కు రావలసిన పేరు గురించి బాధపడుతున్నారు. కోల్ ఎవరి పేరు వేశారు?

ఇంకా ఒక మెట్టు కిందికి దిగితే, మువ్వలసవ్వడి గారు చెప్పిన హిందూ స్వింగ్ క్లబ్బుల్లో ఆడుతున్న ఆ రోజుల్లోనే మన మద్రాసు రాజధానిలో ఆ నాట్యాన్ని తరతరాలుగా కాపాడిన దేవదాసీలను, మన కళావంతులను వేదిక దింపుతున్నారు. 1947లో చట్టం కూడా వచ్చింది. వారి పేర్లు న్యూయార్కులోనే కాదు, మన సభల్లోనూ ఎవరూ చదవలేదు.

మువ్వలసవ్వడి:

పద్మజ గారూ, ఒప్పుకుంటున్నాను. ఆ మాట నేనే మొదట చెప్పవలసింది.

రంగస్థలరావు:

ఇప్పుడు చూడండి ఎక్కడికి చేరామో. ఫాసీది కాదు కోల్‌ది అన్నారు, కోల్‌ది కాదు బ్రాడ్లీది, డన్‌హమ్‌ది అన్నారు, అక్కడి నుంచి పేరు తెలియని కళావంతుల దాకా వెళ్లారు. ఈ లెక్కన ఎవరూ ఏమీ సృష్టించలేదు, మొదటి అడుగు వేసిన ఆదిమానవుడికి తప్ప ఎవరికీ పేరు ఉండకూడదు. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరు? 1943లో ‘ఓక్లహోమా!’కు ఆగ్నెస్ డి మిల్ కథానాయిక కలను నృత్యంగా కట్టే దాకా, సంగీత నాటకంలో నృత్యాన్ని తీసివేసినా కథకు నష్టం ఉండేది కాదు. ఆ సాహసం పది మంది కూర్చుని ఓట్లు వేసి చేసినది కాదు. ఒక్క మనిషి పట్టుదల అది. మువ్వలసవ్వడి గారూ, నేను కటువుగా అంటున్నానేమో గాని, మీరు ఫాసీ గురించి మాట్లాడడం లేదు. మీకెవరో చేసిన అన్యాయానికి ఫాసీ చేత జరిమానా కట్టిస్తున్నారు.

మువ్వలసవ్వడి:

సరే, మీరు అడిగారు కనుక చెబుతాను. తొమ్మిదేళ్లు ఒక గురువుగారి దగ్గర ఉన్నాను. పేరు చెప్పను. ఆయనకు మోకాళ్ల నొప్పి మొదలైన తరువాత కూర్చుని తాళం వేసేవారు, అడుగులు కట్టేది నేను. ఒక నృత్యరూపకంలో మూడు దరువులకు జతుల నుంచి ప్రవేశాల దాకా పూర్తిగా నేనే సమకూర్చాను. ఈ రోజుకు అది నాలుగు దేశాల్లో ఆడింది. కరపత్రం మీద ‘నృత్య సంరచన’ పక్కన ఆయన పేరు, అడుగున పాల్గొన్న పద్దెనిమిది మంది పిల్లల పేర్ల మధ్య నా పేరు, అదీ తప్పుగా. ఒకసారి అడిగితే ఆయన ఏమన్నారో తెలుసా? పల్లకీ సామెతే చెప్పారు. రావు గారూ, మోసేవారెవరని మీరు ఎంతో తేలికగా అడిగారు. నేను మొదటి నుంచీ మాట్లాడుతున్నది ఆ మోసేవారి గురించే.

సుధీర్ విశాఖ:

అయ్యో. ఇది ఎటో వెళ్తోంది.

నిర్వాహకుడు:

సభ్యులు విషయం మీద ఉండవలసిందిగా మనవి. సొంత అనుభవం చెప్పవచ్చు, కాని ఎదుటివారి ఉద్దేశాలను లెక్కగట్టవద్దు.

రంగస్థలరావు:

నిర్వాహకుల మాట శిరసావహిస్తాను. అమ్మా, సామెత వాడినందుకు మన్నించండి, అది మీకు అలా తగులుతుందని నాకు తెలియదు.

కాని నా వైపు కూడా ఒకటి ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక కుర్రవాణ్ని చేరదీసి ఆరేళ్లు పక్కన పెట్టుకున్నాను. ఒక నాటకంలో తెర తీయగానే నలుగురు మనుషులు వీపులు ప్రేక్షకులకు చూపించి, మూడు నిమిషాలు మాట లేకుండా నిలబడి, ఒక్కొక్కరే తిరిగేటట్టు కట్టాను. దానికోసం ఒక వేసవి అంతా తిట్లు తిన్నాను, సమాజం వాళ్లు డబ్బు ఇవ్వబోమన్నారు. ఆ కుర్రవాడు వేరే ఊళ్లో అదే నాటకాన్ని, అవే వీపులతో, అవే మూడు నిమిషాలతో వేసి, దర్శకత్వం తనదని వేసుకుని బహుమతి అందుకున్నాడు. అడిగితే, “సార్, ఆ నలుగురిలో నేనొకణ్ని, ఎప్పుడు తిరగాలో రిహార్సల్లో కనిపెట్టింది నేనే” అన్నాడు. మీ వాదం నెగ్గితే వాడి మాట నిజమైపోతుంది. అందుకే నేను టోపీని వదలలేకపోతున్నాను.

గ్రూప్‌లో మూడోవాడు:

రావు గారూ, అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఎప్పుడు తిరగాలో నిజంగా అతనే కనిపెట్టాడా?

రంగస్థలరావు:

నలుగురూ ఒకేసారి తిరగాలని నేను అన్నాను. ఒకరి తరువాత ఒకరు తిరుగుదామని అన్నది వాడే. వద్దని అనవచ్చు కదా, అనలేదు. ఒప్పుకున్నది నేను.

మువ్వలసవ్వడి:

అయితే మన తగాదా ఫాసీ గురించి కాదు. ఆడేవాడు పనిముట్టా, రచయితా అన్నది మన తగాదా. మీరు పనిముట్టు అంటున్నారు, మంచి పనిముట్టే అంటున్నారు, అయినా పనిముట్టే. నేను రచయిత అంటున్నాను. మీ కుర్రవాడు దొంగతనం చేశాడనే నేను కూడా అంటాను, మొత్తాన్ని తనదని వేసుకున్నాడు కనుక. మా గురువుగారు చేసినదీ అదే. మీ నాటకం కరపత్రం మీద అతని పేరు మీ పేరు కింద చిన్నగానైనా ఉండి ఉంటే, అతను అంత కసిగా వెళ్లి ఉండేవాడా అన్నది నాకు అనుమానం.

గ్రూప్‌లో మూడోవాడు:

ఇద్దరూ ఒకటి మరిచిపోతున్నారు, కాగితం. హన్యా హోమ్ అనే నృత్య దర్శకురాలు తాను ‘కిస్ మీ, కేట్’ నాటకానికి చేసిన నృత్యాన్ని, కదలికలను కాగితం మీద రాసే లాబనోటేషన్ గుర్తులతో రాయించి, 1952లో కాపీరైటు నమోదు చేయించింది. నృత్యానికి అలా నమోదు దొరకడం అమెరికాలో అదే మొదలు. అక్కడి చట్టంలో నృత్య రచన అన్న మాట పేరు పెట్టి చేరడానికి 1976 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. 1959లో దర్శకులూ నృత్య దర్శకులూ సంఘం పెట్టుకున్నారు, కాని నిర్మాతలు గుర్తించలేదు. 1962లో ‘లిటిల్ మీ’ సమయంలో సంఘం ఒప్పందం లేనిదే రిహార్సల్ మొదలుపెట్టనని భీష్మించి, ఆ గుర్తింపు తెప్పించినవాడు ఎవరో తెలుసా? మీరు పొద్దుటి నుంచి తిడుతున్న బాబ్ ఫాసీయే.

మువ్వలసవ్వడి:

నేను తిట్టలేదు, వాటా అడిగాను. ఆ సంగతి నాకు తెలియదు, తెలిపినందుకు కృతజ్ఞతలు. ఆ గుర్తింపు పేరు ఉన్నవారికి వచ్చింది, నాలుగు రకాలు చేసి చూపించే మీలాంటివారికి రాలేదు కదా. 1987లో ఫాసీ పోయిన తరువాత ఆ కదలికలు చెదిరిపోకుండా కాపాడినది వెర్డన్, రైన్‌కింగ్. 1999లో ‘ఫాసీ’ అనే పేరుతోనే ఆయన నృత్యాలను కూర్చి బ్రాడ్వేలో వేశారు. దానిలో వెర్డన్‌కు ఇచ్చిన హోదా కళాత్మక సలహాదారు. ఆ పాటల్లో కొన్ని ఆమె ఒంటి మీదే కట్టినవి. సొంత ఒంటికి ఎవరైనా సలహాదారు ఎలా అవుతారు?

రంగస్థలరావు:

ఆ ఒక్క మాట మాత్రం బాగుంది. ఒప్పుకోవడం లేదు, బాగుందని మాత్రం అంటున్నాను. నిన్న రాత్రి 1958 నాటి ‘డామ్ యాంకీస్’ సినిమాలో ఫాసీ, వెర్డన్ ఇద్దరూ కలిసి ఆడిన ముక్కను శబ్దం ఆపేసి చూశాను. ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో పట్టుకుందామని మూడుసార్లు వెనక్కి తిప్పాను. పట్టుకోలేకపోయాను. అయితే టోపీలు మాత్రం ఇద్దరికీ ఉన్నాయి.

డల్లాస్ పద్మజ:

మళ్లీ టోపీయా!

మువ్వలసవ్వడి:

రావు గారూ, వచ్చే దసరాకు మా పిల్లలతో ఒక అంశం వేస్తున్నాను. అందులో ఒక ముక్తాయింపును రైలులో ప్రశ్న అడిగిన ఆ పిల్లే కట్టింది. కరపత్రం మీద నా పేరు పక్కన తన పేరు వేయిస్తున్నాను.

రంగస్థలరావు:

మంచిది. ఏ పరిమాణపు అక్షరాల్లో?

మువ్వలసవ్వడి:

ఇంకా ముద్రణకు ఇవ్వలేదు. ఆలోచిస్తున్నాను.